పోస్ట్‌గ్రెస్ సెట్టింగులు చేత్తో మార్చుకుంటూ ఆరేళ్లు

నెల్లూరులో ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులకి మేత అమ్మే డీలరు దగ్గర లెక్కల సర్వరు చూసేది నేనే. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, లైనక్స్, పైన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. సెట్టింగులన్నీ చేత్తోనే రాస్తా.

దాంతోపాటు వచ్చే విలువలు మరీ పిసినారివి. డేటాని ర్యామ్‌లో అట్టిపెట్టుకునే షేర్డ్ బఫర్స్ 128 ఎంబీనే! ర్యామ్‌లో నాలుగో వంతు ఇమ్మంటారు కాబట్టి 4 జీబీ ఇచ్చా. దీనికి రీలోడ్ (సర్వరు ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివించడం) చాలదు, సర్వరు ఆపి లేపాలి. డిస్కులో అక్కడక్కడా ఉన్నవి చదవడానికి ఎంత ఖర్చో పోస్ట్‌గ్రెస్ వేసుకునే అంచనా రాండమ్ పేజ్ కాస్ట్, దాన్ని 4 నుంచి 1.1కి దించా. ఖాతా తెరుచుకునేలోగా టీ తాగొచ్చేవాడు మా గుమాస్తా, ఇప్పుడు కుదరట్లేదు పాపం.

నన్ను ఏడిపించింది వర్క్ మెమ్, అంటే లెక్కలు పేర్చేటప్పుడు వాడుకునే మెమరీ. మామూలుగా 4 ఎంబీ. ఆల్టర్ సిస్టమ్ కమాండు కొట్టి 256 చేశా, రిపోర్టులు చకచకా వచ్చాయి. అది సర్వరంతటికీ కలిపి ఇచ్చే కోటా అనుకున్నా. కాదు. క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) వరుస పేర్చే ఒక్కో సార్టూ, జతలు వెతికే ఒక్కో హ్యాషూ విడివిడిగా అంత వాడుకోవచ్చు. రొయ్యల పట్టుబడులు జోరుగా ఉన్న రోజు అందరి ఖాతాలూ ఒకేసారి తీశారు. మెమరీ నిండిపోయి లైనక్స్ ఒక ప్రాసెసుని చంపేసింది, దాంతో పోస్ట్‌గ్రెస్ అన్ని కనెక్షన్లూ తెంపేసి మళ్లీ లేచింది. బయట మేత బస్తాలకి ఆటోలు నిలబడున్నాయి. "ఏంది సామీ, కొట్టిన బిల్లు ఎటు పోయె?" అన్నాడు ఓనరు.

వెంటనే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో వర్క్ మెమ్ 16 ఎంబీ అని రాసి రీలోడ్ చేశా. చూస్తే మళ్లీ 256! తప్పు ఫైలు దిద్దుతున్నానేమో అని పూటంతా వెతికా. ఆల్టర్ సిస్టమ్‌తో మార్చినవి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ ఆటో డాట్ కాన్ఫ్ అనే ఇంకో ఫైల్లో పడతాయి, సర్వరు దాన్ని చివర్న చదువుతుంది, చివరి మాటే చెల్లుతుంది. సెట్టింగులన్నీ చూపించే పీజీ సెట్టింగ్స్ పట్టికలో, విలువ ఏ ఫైల్నించి వచ్చిందో చెప్పే సోర్స్ ఫైల్ అనే కాలమ్ చూడగానే దొంగ దొరికాడు. ఆల్టర్ సిస్టమ్ రీసెట్ కొట్టి, రీలోడ్ చేశాక 16 కనపడింది. ఆ కాలమ్ లేకపోతే పోస్ట్‌గ్రెస్‌కి నేను మంచి మార్కులు వేసేవాణ్ణి కాదు.

మాక్స్ కనెక్షన్స్ 100 అలాగే ఉంచా, మాకు అన్ని అక్కర్లేదు. రాసింది నిజంగా డిస్కుకి చేరేలా చూసే ఎఫ్‌సింక్ ఆపితే ఇంకా పరిగెడుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, రాసేటప్పుడు పోతే డేటాబేసే పాడవచ్చు. ఆ లైను జోలికి మాత్రం పోలేదు.