అట్లాంటిక్ మీద కుదుపులు: అమ్మతో డాలస్ వెళ్లి వచ్చాక

జనవరిలో అమ్మను డాలస్‌లో ఉన్న అక్క దగ్గరికి తీసుకెళ్లాను. హైదరాబాద్ నుంచి లండన్, అక్కడ విమానం మారి డాలస్. ఒక్కొక్కటి సుమారు పది గంటల ప్రయాణం. డెబ్బై ఏళ్ల మనిషి మొదటిసారి విమానం ఎక్కుతోందని మందుల దగ్గర్నుంచి మేజోళ్ల దాకా అన్నీ సర్దాను. సముద్రం మీద విమానం ఊగుతుందన్న మాట మాత్రం చెప్పలేదు, వింటే భయపడుతుందని. తప్పు చేశాను.

లండన్ దాకా పెద్దగా కదలిక లేదు. హీత్రోలో నాలుగు గంటలు ఆగాం. వీల్‌చైర్ టికెట్‌తో పాటే రాయించుకున్నాం కాబట్టి గేటు దాకా ఇబ్బంది లేకుండా చేర్చారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లెవరైనా నడవగలిగినా సరే వీల్‌చైర్ పెట్టించుకోండి, అక్కడి దూరాలు అలాంటివి.

అసలు సంగతి తర్వాతి విమానంలో. మా సీట్లు తోక దగ్గర, టాయిలెట్ పక్కనే. అమ్మకు వీలుగా ఉంటుందని నేనే ఎంచాను. నాలుగో గంటలో, మ్యాపులో గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస కుడి చేతి వైపు కనిపిస్తుండగా, సీటు బెల్టు దీపం వెలిగింది. టీ పోస్తున్న అమ్మాయిలు బండి వెనక్కి లాక్కెళ్లి వాళ్లూ కూర్చుని బెల్టు కట్టుకున్నారు. ఆ తర్వాత దాదాపు నలభై నిమిషాలు, మధ్యలో కాస్త ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఊగింది. బెల్టు తొడల మీద బిగుసుకుంటోంది, గ్లాసులో నీళ్లు ఒలికాయి, రెండుసార్లు కడుపులో దేవినట్టు కిందికి జారింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“ఏరా, పడిపోతున్నామా?”

“లేదమ్మా, గాలి అంతే.”

కాసేపటికి తనే అంది: “వరద రోజుల్లో సఖినేటిపల్లి పంటు ఊగినట్టుంది.”

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. తర్వాత చదివితే శాస్త్రం కూడా ఇంచుమించు అదే చెబుతోంది. నడి ఏట్లో నీరు జోరు, గట్టు వైపు నెమ్మది. ఆ రెండూ ఒరుసుకునే చోట సుడులు లేస్తాయి. పైన తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంది. దాని అంచుల్లో గాలి వేగం ఒక్కసారిగా మారుతుంది. విమానానికి తగిలేది అదే. అక్కడ మబ్బు ఉండక్కర్లేదు. విమానంలోని రాడార్ వాన చినుకుల్ని పట్టుకుంటుంది గానీ ఉత్త గాలిని పట్టుకోలేదు. ముందు వెళ్తున్న విమానాల పైలట్లు రేడియోలో చెప్పే కబురే వెనకవాళ్లకు పెద్ద ఆధారం. మనవాళ్లు ‘గాలి లేని గుంట’ అంటుంటారు, అలాంటిదేమీ లేదు. వందల అడుగులు పడిపోయినట్టు అనిపించినా, మాకు తగిలిన లాంటి మధ్యరకం కుదుపులో ఎత్తు మారేది చాలాసార్లు కొన్ని పదుల అడుగులే.

చలికాలంలో ఉత్తరానికీ దక్షిణానికీ వేడిలో తేడా పెరిగి ఈ నది మరింత జోరందుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో ఒక 747 విమానం ఆ గాలి వెన్నుతట్టగా న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే వచ్చేసింది. అమెరికా వెళ్లేటప్పుడు అదే గాలికి ఎదురీదాలి, లేదా దాన్ని తప్పించుకుంటూ పోవాలి. అందుకే సముద్రం మీది దారుల్ని గాలిని బట్టి రోజూ కొత్తగా గీస్తారు: పగలు పడమటికి, రాత్రి తూర్పుకు. ఆ దారుల్లో విమానాల వరస ఉంటుంది కాబట్టి, పైలట్ ఎత్తు మార్చాలనుకున్నా ప్రతిసారీ వెంటనే అనుమతి దొరకదు.

కుదుపులు పెరుగుతున్నాయన్న మాటా నిజమే. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో లెక్క తేల్చారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సాధారణ బిందువు దగ్గర, మబ్బులేని ఆకాశంలో వచ్చే తీవ్రమైన కుదుపులు 1979లో ఏడాదికి 17.7 గంటలైతే, 2020కి 27.4 గంటలయ్యాయి. ఏడాది మొత్తంలో ఇరవై ఏడు గంటలంటే మన ప్రయాణంలో అది ఎదురయ్యే అవకాశం ఇప్పటికీ తక్కువే. కానీ ఎదురైతే కాపాడేది బెల్టే. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద ఐదు సెకన్లలోపే 178 అడుగులు దిగింది. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. బెల్టు లేనివాళ్లు గాల్లోకి లేచి ఉంటారని దర్యాప్తు నివేదిక చెప్పింది. దీపం ఆరినా, నిద్రపోతున్నా, నడుముకి బెల్టు ఉండాల్సిందే. దుప్పటి మీదుగా కట్టుకుంటే క్రూ వచ్చి లేపరు కూడా.

జూన్‌లో తిరుగు ప్రయాణం వేరే కంపెనీలో, రాత్రి విమానం, బోయింగ్ 787. ఈసారి కొంత డబ్బు కట్టి రెక్కల మీది వరస తీసుకున్నాను. తేడా నిజంగా తెలిసింది. తోక దగ్గర ఊపు ఎక్కువ, రెక్కల దగ్గర తక్కువ. టాయిలెట్‌కి పది వరసలు నడవాల్సి వచ్చినా, అమ్మకు ఇదే నయం. రెక్క పైకీ కిందికీ ఊగడం చూసి కంగారుపడింది. అది వంగేలా చేసిందేనని, ఊహించగల అతిపెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు వేసి పరీక్షించాకే ఎగరనిస్తారని చెప్పాను.

సీటు కన్నా ఎక్కువ మేలు చేసింది ఇంకొకటుంది. కదలకముందే కెప్టెన్ మైకులో చెప్పాడు: టెక్సస్ మీద ఉరుముల మబ్బులున్నాయి, మొదటి అరగంట ఊగుతుంది, తర్వాత న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాసేపు ఉండొచ్చు. చెప్పినట్టే మొదటి అరగంట వెళ్లేటప్పటి కన్నా గట్టిగానే కుదిపింది. అమ్మ మాత్రం “ఇదేగా ఆయన చెప్పింది” అని కళ్లు మూసుకుంది. వెళ్లేటప్పుడు ఆ నలభై నిమిషాల్లో ‘బెల్టు పెట్టుకోండి’ తప్ప ఒక్క ముక్క వినిపించలేదు. భోజనం, సినిమాలు ఆ మొదటి విమానంలోనే బాగున్నాయి, అయినా పెద్దవాళ్లతో మళ్లీ వెళ్తే నేను రెండోదే ఎక్కుతాను.

వచ్చే నెల పిన్ని న్యూజెర్సీ వెళ్తోంది. సీటు నేను చూశాను, రెక్కల మీద, నడవ పక్కన. మిగతాది అమ్మ ఫోనులో చెబుతోంది: “మధ్యలో ఒకచోట పంటు ఊగినట్టు ఊగుతుందే, బెల్టు మాత్రం తియ్యకు.”