రెడ్‌హిల్స్ చెరువా, కొగ్గల సరస్సా: యుద్ధకాలపు జలవిమాన స్థావరాల్లో ఏది మేలు?

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం హిందూ మహాసముద్రం మీద నిఘాకు ముఖ్యంగా కాటలీనా జలవిమానాలను వాడింది. వాటికి రన్‌వేతో పనిలేదు గాని, పెద్ద అలలు లేని విశాలమైన నీరు కావాలి. ఆ నీరు మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ చెరువులోనూ, సింహళంలో గాలే పట్టణానికి చేరువనున్న కొగ్గల సరస్సులోనూ దొరికింది.

నీటిని మాత్రమే చూస్తే రెడ్‌హిల్స్‌కే మొగ్గు చూపాలి. అది మద్రాసు నగరం తాగే మంచినీరు. ఉప్పునీరు అల్యూమినియం ఒంటిని తినేస్తుంది కనుక కొగ్గలలో విమానాలను కడిగి కాపాడుకోవడమే ఒక పెద్ద పని. కొగ్గల సరస్సు మన పులికాట్ తరహాదే, కాకపోతే చాలా చిన్నది. దానికీ సముద్రానికీ మధ్య సన్నని నేలకట్టు ఒక్కటే అడ్డు. అయితే చెరువు మట్టం వానల దయ మీద ఆధారపడుతుంది, సముద్రాన్ని ఆనుకున్న సరస్సుకు ఆ బెంగ లేదు. పైగా నీరు మరీ నిశ్చలంగా ఉన్నా చిక్కే: అద్దంలాంటి నీటిని విమానం అడుగు పట్టుకొని వదలదు, దిగేటప్పుడు పైలట్‌కు ఎత్తు అంచనా అందదు. అలాంటప్పుడు ఒక మరపడవను ముందుగా అటూ ఇటూ నడిపి, నీటిని కాస్త కదిలించి, ఆ అలల మీద విమానాన్ని లేపేవారు.

ఎదురుగా ఉన్న సముద్రాన్ని బట్టి తూచితే లెక్క మారుతుంది. 1942 ఏప్రిల్ 4న కొగ్గల నుంచి లేచిన కెనడా 413వ స్క్వాడ్రన్ కాటలీనా, లంకకు దక్షిణంగా మూడున్నర వందల మైళ్ళకు పైగా దూరంలో, జపాన్ విమానవాహక నౌకల దళాన్ని కనిపెట్టింది. పైలట్ లెనార్డ్ బిర్చల్ బృందం సందేశం పంపుతుండగానే జపాన్ యుద్ధవిమానాలు దాన్ని కూల్చాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బతికి బందీలయ్యారు. మర్నాడు ఉదయం కొలంబోపై దాడి జరిగేలోగా రేవులోని ఓడలను బయటికి పంపే వ్యవధి ఆ కబురు వల్లే దొరికింది. తర్వాత 1943 నుంచి ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ ఆ దేశపు పడమటి తీరంలోని పెర్త్‌కూ కొగ్గలకూ మధ్య 27 నుంచి 33 గంటల పాటు ఏకధాటిగా కాటలీనాలను నడిపింది; ప్రయాణికులు దారిలో రెండు సూర్యోదయాలు చూసేవారు. ఆస్ట్రేలియాకు అంతటి దారి రెడ్‌హిల్స్ నుంచి కుదరదు.

రెడ్‌హిల్స్ పని వేరు, అది బంగాళాఖాతపు కాపలా. 1942 మార్చి నుంచి జపాన్ చేతిలో ఉన్న పోర్ట్ బ్లెయిర్ మద్రాసుకు సుమారు 1,400 కిలోమీటర్లు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కాటలీనాకు పోను ఏడు గంటలు, రాను ఏడు గంటలు. ఇంత దూరం తిరగ్గలిగిన విమానానికి అండమాన్ల దిక్కుగా కొగ్గల కన్నా రెడ్‌హిల్సే దగ్గర.

నా మట్టుకు 1942 వేసవికి కొగ్గలే మేలు, ఆ తర్వాతి బంగాళాఖాతానికి రెడ్‌హిల్స్ మేలు. తెలుగు తీరం సంగతి వేరు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడినప్పుడు కొగ్గల చూపు దక్షిణాన ఉంది. రెడ్‌హిల్స్‌లో కాటలీనాలు నడిపే బ్రిటిష్ 240వ స్క్వాడ్రన్ కుదురుకున్నది ఆ వేసవి దాటాకే.