ఉస్మానియానా, ఆంధ్రానా? ఒక్కపూట తిరిగి చూడాలంటే ఏది మేలు?

చదువుకోడానికి ఏది మంచిదని నన్ను అడగొద్దు. ఒక్కపూట తిరిగి చూసి రావడానికైతే చెప్తాను. ఉస్మానియాకు మీరొక్కరే వెళ్లినా నష్టం లేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి మాత్రం అక్కడ చదివిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి.

ఉస్మానియాలో దారి తప్పినా చివరికి ఆర్ట్స్ కాలేజీ ముందే తేలతారు. హైదరాబాద్ లోకల్ రైళ్లు, అంటే ఎంఎంటీఎస్, ఆగే స్టేషనుకు కూడా దాని పేరే పెట్టారు. యూనివర్సిటీ మొదలైంది 1918లో, ఈ భవనం తెరిచింది 1939 డిసెంబరులో. కట్టే ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు నిర్మాణ నిపుణులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. నమూనా గీసింది జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టు. గులాబీ రంగు గ్రానైటు మీద సాయంత్రం ఎండ పడ్డప్పుడు చూడాలి. దూరం నుంచి ఫోటో దిగి వెళ్లిపోకండి. దగ్గరికెళ్లి ఆ పెద్ద కమాను కింద తల పైకెత్తి నిలబడండి. స్తంభాలు అజంతా, ఎల్లోరాలను గుర్తుచేస్తాయి, కమానులు సుల్తానుల కాలాన్ని. ఈ రెండూ ఒకే గోడలో పొసగడం నాకు ఇప్పటికీ వింతే.

దాని చరిత్ర కూడా చాలామందికి తెలిసిందే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో టీవీ చూసినవాళ్లందరికీ ఈ భవనం పరిచయమే. 1938లో వందేమాతరం పాడినందుకు యూనివర్సిటీ నుంచి బయటికి పంపిన విద్యార్థుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. అప్పటికి ఈ భవనం పని ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక ఆంధ్రా. మొదటిసారి ఒక్కడినే వెళ్లాను. అవుట్ గేటు దగ్గర లోపలికెళ్లి, చెట్లూ డిపార్టుమెంట్ల బోర్డులూ చూసి, గంటలో బయటపడ్డాను. 'ఇంతేనా' అనిపించింది. రెండోసారి అక్కడే చదివిన మా బావతో వెళ్తే మూడు గంటలైనా సగమే అయింది. వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ముందే అరగంట ఆపేశాడు.

అక్కడ గోడల కన్నా పేర్లు చూడాలని అప్పుడు తెలిసింది. 1926లో బెజవాడలో పుట్టిన ఈ యూనివర్సిటీ 1930లో వాల్తేరు మెట్టకు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆ తర్వాత 1931 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్. సైన్సు కాలేజీకి జయపురం (ఇప్పటి ఒడిశాలోది) రాజా విక్రమదేవ వర్మ పేరుంది. ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత ఆయన. ఆ రోజుల్లో లక్ష! రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం క్యాంపస్ తీసుకుంటే చదువులు గుంటూరుకు తరలాయి. ఇవన్నీ ఏ గోడా తనంతట తాను చెప్పదు, బావ చెప్పాడు. మధ్యమధ్యలో మెస్సు సాంబారు గురించి కూడా చెప్పాడు, అది కొంచెం ఎక్కువే అయింది.

సముద్రం సంగతి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. మెట్ట మీద నడుస్తుంటే గాలి తగులుతుంది, తూర్పుకు దిగితే బీచ్ రోడ్డు. ఈ ఒక్క విషయంలో ఉస్మానియా పోటీకే రాదు.

నడక ఎక్కువ పడేది ఉస్మానియాలో, చెమట ఎక్కువ పట్టేది విశాఖలో. పెద్దవాళ్లతో వెళ్తే ఆర్ట్స్ కాలేజీ దాకా ఆటోలో పోయి, అక్కడే కూర్చోబెట్టండి. నన్ను మళ్లీ ఒకచోటికే వెళ్లమంటే విశాఖకే వెళ్తాను, బావకు సెలవు దొరికితే. దొరక్కపోతే ఆదివారం సాయంత్రం ఉస్మానియా.