పొలుసు పురుగులు చూడాలంటే ఏ భూతద్దం కొనాలి

వరంగల్, హన్మకొండలో జేబులో పట్టే మడత భూతద్దాలు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మూడు అద్దాలు అతికించి చేసిన 10 రెట్లది. రెండోది ఒంటి అద్దం, చట్రం మీద '30×21' అన్న ముద్ర, పక్కన ఎల్‌ఈడీ బల్బు. రెండోది చవక. అయినా కొమ్మలకూ ఆకులకూ పొలుసుల్లా అతుక్కుని రసం పీల్చే పొలుసు పురుగుల పనికి మొదటిదే కొనండి.

ముద్రను నమ్మకుండా దుకాణంలోనే కొలవండి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర అద్దం పట్టి, కిటికీ బొమ్మ స్పష్టంగా పడేదాకా ముందుకూ వెనక్కూ జరపాలి. అద్దానికీ గోడకీ మధ్య దూరమే నాభ్యంతరం. 250ని ఆ మిల్లీమీటర్లతో భాగిస్తే అసలు రెట్లు తెలుస్తాయి. 25 మి.మీ. వస్తే 10 రెట్లు. నిజంగా 30 రెట్లయితే 8 మి.మీ. పైచిలుకే రావాలి, 21 మి.మీ. వెడల్పున్న ఒంటి బిళ్లకు అది అయ్యే పని కాదు. తర్వాత స్కేలు గీతలు చూడండి. అంచుల్లో గీతలు వంగినా, రంగుల చారలు కనిపించినా పక్కన పెట్టేయండి.

10 రెట్లు ఎందుకు సరిపోతాయంటే, ఈ పురుగుల్ని కుటుంబం దాకా విడదీసే గుర్తులు ఆ మాత్రానికే కనపడతాయి. మధ్యధరా ప్రాంతపు ఓక్ చెట్ల మీది కెర్మెస్ ఆడపురుగు బఠాణీ గింజలా ఉబ్బి కొమ్మకు అంటుకుని ఉంటుంది. పూర్వం దాన్ని కాయ అనుకునే ఎర్రరంగు కోసం ఏరుకున్నారు. అది కెర్మెసిడే కుటుంబం. మన మోదుగ, రేగు మీది లక్క పురుగుది కెర్రిడే. లక్క పెంకు మీద సన్నని రంధ్రాల్లోంచి తెల్లని మైనపు పోగులు బయటికి రావడం ఈ అద్దంలో చక్కగా కనిపిస్తుంది.

తోటలో అసలు పరీక్ష గుండుసూదితో. గులాబీ కాడ మీది పొలుసు అంచు కింద సూది పెట్టి నెమ్మదిగా లేపండి. మూత ఒక్కటే ఊడి, కింద కాళ్లు లేని పసుపుపచ్చ తిత్తి మిగిలితే అది గట్టి పొలుసు, డయాస్పిడిడే. ఇది ఆకు నాళాల్లో కాక కణాల్లోంచే రసం పీలుస్తుంది కాబట్టి తేనెబంక (పురుగు విసర్జించే తీపి జిగురు) కారదు, చీమలు చేరవు. వేళ్ల దగ్గర పోసే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు దీని మీద సరిగా పనిచేయకపోవడానికీ కారణం అదే. జామ ఆకు అడుగున మూత విడిగా రాక ఒళ్లంతా కలిసి లేస్తే మెత్తని పొలుసు, కాక్సిడే. దీనికి బంక, చీమలు, నల్లటి మసి తప్పవు.

మందు ఎప్పుడు కొట్టాలో చెప్పేది పాకే పిల్ల పురుగులు. ఆరు కాళ్లున్నా ఒక్కోటి 0.3 మి.మీ. అటూ ఇటూ పొడవే, వట్టి కంటికి ధూళే. పొలుసులున్న కొమ్మకు రెండు వైపులా జిగురున్న టేపు చుట్టి, రెండు మూడు రోజులకోసారి అద్దంతో చూడండి. పసుపు చుక్కలకు కాళ్లు కనిపిస్తే వేపనూనె, సబ్బు కొట్టే సమయం వచ్చినట్టే. మైనపు మూత కప్పుకున్నాక కొడితే సగం వృథా. మన బోరునీళ్లలో ఉప్పెక్కువైతే సబ్బు విరుగుతుంది, వాననీళ్లు వాడండి.

పెంకు మీద గుండ్రని రంధ్రం ఉంటే పరాన్న కందిరీగ తినేసి వెళ్లినట్టు. అలాంటివి ఎక్కువుంటే కొట్టడం ఆపండి. మందారం మీద పిండినల్లిలాగే తెల్లగా ఉండి చురుగ్గా పరుగెత్తేది పెద్దదైతే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు. అది పిండినల్లుల్నే తింటుంది, చంపకండి. ఈ తేడా పట్టించినందుకైనా అద్దానికి ఇచ్చిన డబ్బు దండుగ కాదు.

వాడేటప్పుడు అద్దాన్ని కంటికి ఆనించి, కొమ్మను దగ్గరికి తేవాలి. ఎండ పక్క నుంచి పడాలి. ఎల్‌ఈడీ వెలుగు మైనం మీద మెరిసి వివరం పోతుంది. ఇక లోపాలు: మడత మర వదులవుతుంది, వానాకాలంలో అద్దాల మధ్య బూజు పడుతుంది. తేనెబంక అంటితే ముందు ఊది, తర్వాత తడి దూదితో తుడవాలి, చొక్కా కొనతో కాదు.

జాతి పేరు మాత్రం 10 రెట్లకు తేలదు. దానికి పెద్ద ఆడపురుగును గాజుపలక మీద అమర్చి మైక్రోస్కోపులో చూడాలి. అలాంటి అవసరం వస్తే కొమ్మముక్కతో సహా 70 శాతం ఆల్కహాలులో పెట్టి, చెట్టు పేరు, తేదీ, ఊరు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వేసి, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి తీసుకెళ్లి అడగండి.