జయపురం ఊలు కొట్టు, మా తమ్ముడి టెట్రిస్ దుప్పటి

ఒడిశాలోని జయపురం మెయిన్ రోడ్డులో బట్టల దుకాణాల మధ్య ఇరుకుగా ఒక ఊలు కొట్టు ఉంది. బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల మాట్లాడేది తెలుగు. సాలూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెద్దాయన, కోడలు కలిసి నడుపుతారు. మాది సునాబెడ. కొరాపుట్ మీదుగా ఘాట్ దిగి వెళ్ళాలి. అయినా ఐదేళ్ళుగా ఊలు అక్కడే కొంటున్నాను. ఈసారి మాత్రం ఒక పెద్ద పని పెట్టుకుని వెళ్ళాను.

చిన్నప్పుడు మా తమ్ముడికీ నాకూ కలిపి ఒకటే బ్రిక్ గేమ్ ఉండేది. దాని కోసం కొట్టుకునేవాళ్ళం. అందులో పైనుంచి పడే ముక్కల్ని ఖాళీ లేకుండా సర్దే ఆట అసలు పేరు టెట్రిస్. 1980ల మధ్యలో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. ఏడు రకాల ముక్కలు, ఒక్కో ముక్కలో 4 గళ్ళు. మా బ్రిక్ గేమ్ తెర అడ్డంగా 10 గళ్ళు, నిలువుగా 20. ఆ తెర నిండా ముక్కలు సర్దినట్టు, ఒక్కో గడి 10 సెంటీమీటర్లు అల్లితే మనిషి కప్పుకునే దుప్పటి సరిగ్గా వస్తుంది. తమ్ముడు ఇప్పుడు దామన్‌జోడిలో ఉంటున్నాడు, అక్కడి చలి సంగతి చెప్పక్కర్లేదు. వాడికే ఈ దుప్పటి.

బ్రిక్ గేమ్‌లో అన్నీ నల్ల గళ్ళే. రంగులు ఇప్పటి ఫోన్ ఆట నుంచి తీసుకున్నాను: నాలుగు గళ్ళూ ఒకే వరసలో ఉండే కర్రముక్కకు ఆకాశనీలం, చదరపు ముక్కకు పసుపు, ఇంగ్లీషు T ఆకారంలో ఉండే టీ ముక్కకు ఊదా, మిగతా నాలుగింటికి ఎరుపు, ఆకుపచ్చ, ముదురు నీలం, నారింజ. 8వ నంబరు సూదుల మీద 22 కుట్లు ఎక్కించి, రెండు వైపులా సూటి కుట్లే వేస్తూ 44 వరసలు అల్లితే చదరం వస్తుంది. 50 గ్రాముల ఉండకి ఆరు చదరాలు వచ్చాయి. మొత్తం 200 గళ్ళు, అంటే 50 ముక్కలు. ఒక్కో రకం ఏడేసి వేస్తే 49 అవుతాయి. యాభయ్యోది నాకిష్టమైన కర్రముక్క అనుకున్నాను. అందుకని ఆకాశనీలం 6 ఉండలు, మిగతావి ఐదేసి, మొత్తం 36 కొన్నాను. కలిపి కుట్టడానికి నలుపు 3.

పెద్దాయన ఒక్కో ఉండ లేబుల్ మీద లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు) చూసి, వేరే లాట్‌వి పక్కన పెట్టేశారు. ఆకాశనీలం, ముదురు నీలం రెండూ గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూపించారు. ట్యూబ్ లైటు కింద వాటి తేడా నాకు అంత బాగా తెలియలేదు. తర్వాత నోటుబుక్కులో నా పేరు కింద లాట్ నంబర్లు రాసుకుని, ఒక్కో రంగులో ఒక ఉండ సంచిలో వేసి పైన పెట్టారు. "నీ పని అయ్యేదాకా ఇవి ఎవరికీ అమ్మనమ్మా" అన్నారు. దానికి అడ్వాన్సు కూడా అడగలేదు.

ఆ సంచే నన్ను కాపాడింది. అల్లుతూనే రాత్రుళ్ళు గ్రాఫ్ కాగితం మీద ముక్కలు సర్దడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు గీసినా చివరి ముక్క పట్టేది కాదు. నాలుగు గళ్ళు ఎక్కడో ఒకచోట విడివిడిగా మిగిలిపోయేవి. వారం రోజులు టెన్షన్ పడి తమ్ముడికే ఫోన్ చేశాను. "చదరంగం బల్లలా నలుపు తెలుపు వేసి చూడక్కా" అన్నాడు. మిగతా ముక్కలన్నీ రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతాయి. టీ ముక్క మాత్రం ఒక రంగువి మూడు, ఇంకో రంగుది ఒకటి కప్పుతుంది. మొత్తం బల్లలో 100 నలుపు, 100 తెలుపు. కాబట్టి టీ ముక్కలు సరి సంఖ్యలోనే ఉండాలి. ఏడుతో ఎన్నేళ్ళు కూర్చున్నా కుదరదు. యాభయ్యోది కర్రముక్క కాదు, ఎనిమిదో టీ ముక్క కావాలి.

అంటే ఊదా చదరాలు 32 కావాలి. నా ఐదు ఉండలకి 30 వస్తాయి. లేబుల్ విప్పని ఆకాశనీలం ఉండ పట్టుకుని ఘాట్ దిగాను. పెద్దాయన సంచి దించి, అదే లాట్ ఊదా ఉండ చేతిలో పెట్టి, నాది తీసుకున్నారు. పైసా అడగలేదు. సునాబెడలో కుట్టి చూస్తే కొత్త చదరాలేవో పాతవేవో నాకే తెలియలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఆ 36లో నారింజ ఉండలు మాత్రం ఆ రోజు లేవు, వాటి కోసం రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. పసుపు ఉండల్లో రెండింటి మధ్యలో ముడులు వచ్చాయి. విప్పి మళ్ళీ అల్లుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి అది కష్టం, తలుపు మీద ఒక కాగితమైనా అంటించాలి. నా ఊలు అక్రిలిక్‌ది. ఉతికితే త్వరగా ఆరుతుంది, మా వానాకాలానికి అదే మేలు. కానీ వేడి ఇస్త్రీ తగిలితే చదునైపోతుంది. ఆ మాట కోడలు ముందే చెప్పింది. మొద్దు సూదితో అంచులు లావెక్కకుండా కలపడం కూడా కౌంటరు మీదే నేర్పింది. ఒక్కో ముక్క నాలుగు గళ్ళు ముందు కలిపేసి, తర్వాత ముక్కకి ముక్క కుట్టమన్న సలహా తనదే.

దుప్పటి పూర్తయ్యాక, తమ్ముడికి ఇచ్చే ముందు కొట్టుకి తీసుకెళ్ళాను. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కౌంటరు మీద పరిచారు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఊదా ముక్కల మీద ఒక్కొక్కదానికీ వేలు ఆనిస్తూ ఎనిమిది దాకా లెక్కపెట్టారు.