మీసేవ కేంద్రమా, చేతిలోని ఫోనా?

ఆదాయ ధ్రువపత్రం కావాల్సి వచ్చినప్పుడు హనుమకొండలోనైనా, పరకాల పక్క పల్లెలోనైనా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. మీసేవ 2011లో మొదలైంది. ఈ సేవలను ఫోన్‌లోనే అందించే తెలంగాణ ప్రభుత్వ యాప్ టీ యాప్ ఫోలియో 2018లో వచ్చింది.

ఖర్చు: కేంద్రంలో సేవా రుసుముతో పాటు జిరాక్సులు, ఆటో చార్జీ, ఒక పూట కూలి పోతాయి. ఫోన్‌లో రుసుము, డేటా ఖర్చు తప్ప మరేమీ ఉండదు.

శ్రమ: కేంద్రంలో వరుసలో నిలబడాలి, కానీ టైపింగ్ ఆపరేటరే చూసుకుంటాడు. ఫోన్‌లో రేషన్ కార్డును ఫొటో తీసి, ఫైలు సైజు తగ్గించి, ఓటీపీ వచ్చేలోపు సెషన్ ముగిసిపోతే మళ్లీ మొదటి నుంచి నింపాలి.

పొరపాటు: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటే, అనుభవమున్న ఆపరేటర్ ఆ తేడాను అక్కడే పట్టుకుంటాడు, ఫోన్ పట్టుకోదు. అయితే అతడు తొందరలో కొట్టిన తప్పు కూడా మీ పేరు మీదే నమోదవుతుంది కనుక, రసీదు తీసుకునే ముందు తెర మీది వివరాలను మీరే చదువుకోవాలి.

వేగం: తేడా లేదు. ఎలా పంపినా విచారణ రెవెన్యూ సిబ్బందిదే, సంతకం తహసీల్దారుదే.

కరెంటు బిల్లు, ఆస్తి పన్ను వంటి చెల్లింపులకు ఫోన్ చాలు. కుల, ఆదాయ పత్రాలకు, ముఖ్యంగా కాగితాల్లో పేర్లు కలవనివారికి, కేంద్రమే మేలు.