ఎస్‌ఎస్‌ఎల్ 4000 ఇ సౌండ్: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

పాత కన్సోల్ (రికార్డింగ్ స్టూడియోలో సౌండ్లన్నీ కలిపే మిక్సింగ్ బోర్డు) ముందు కూర్చోగానే చాలామంది తమకు బాగా తెలిసిన పాట వేసి, కళ్ళు మూసుకుని వింటారు. ఆ పని చివర చేయాలి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర తయారైన ఈ ఎస్‌ఎస్‌ఎల్ (సాలిడ్ స్టేట్ లాజిక్) బోర్డులకి ఇప్పుడు నలభై ఏళ్ళ వయసు. ఆ వయసులో పక్కపక్కనున్న రెండు ఛానళ్ళే (ఒక్కో మైకు లేదా వాద్యం సౌండ్ వెళ్ళే దారులు) ఒకలా పలకవు. స్టీరియో పాట వేసి వింటే తెలిసేది అది వెళ్ళే రెండు ఛానళ్ళ సంగతి మాత్రమే.

నా దగ్గరున్నది 32 ఛానళ్ళది. దాన్ని తూచడానికి అన్నిటికంటే అక్కరకొచ్చింది క్యాన్సిల్ పరీక్ష: రెండు ఛానళ్ళని ఒకదానితో ఒకటి కొట్టేయించి, మిగిలిన తేడా వినడం. ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దేది), డైనమిక్స్ (కంప్రెసర్ లాంటివి) తీసేసి, ఒకే సిగ్నల్‌ని రెండు ఛానళ్ళ లైన్ ఇన్‌పుట్‌లకి ఇవ్వాలి. రెండింటినీ మధ్యకి ప్యాన్ చేసి, ఒకదాని ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) నొక్కి, ఫేడర్ (లెవెల్ మార్చే జారుడు మీట) మెల్లగా కదుపుతూ శబ్దం అతి తక్కువయ్యే చోట ఆపాలి. 0.1 డీబీ (డెసిబెల్) తేడా మిగిలినా శబ్దం 39 డీబీ వరకే తగ్గుతుంది; తేడా 0.5 అయితే 25 దగ్గరే ఆగిపోతుంది. లెవెల్ ఎంత సర్దినా పోకుండా మిగిలిన దాన్ని శ్రద్ధగా వినండి. బేస్ ఒక్కటే మిగిలిందంటే ఒక ఛానల్లో కప్లింగ్ కెపాసిటర్లు (సిగ్నల్‌ని ఒక దశ నుంచి ఇంకో దశకి దాటించేవి) ఎండిపోయినట్టే. ట్రెబుల్ మిగిలితే ఫిల్టర్లు నిజంగా అవుట్ అయ్యాయో లేదో చూడాలి. బటన్ తాకగానే గరగరలాడి మారిపోతుంటే అది కాంటాక్టు మురికి.

బేస్ ఎందుకు పోతుందో లెక్క వేస్తే అర్థమవుతుంది. 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 10 కిలోఓమ్‌ల లోడ్‌కి ముందుంటే కటాఫ్ (దానికి కింద సౌండ్ తగ్గిపోయే ఫ్రీక్వెన్సీ) 0.34 హెర్ట్జ్, పాటకి ఏ ఇబ్బందీ లేదు. అదే ఎండి 1 మైక్రోఫారడ్‌కి పడిపోతే కటాఫ్ 16 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. అప్పుడు 40 హెర్ట్జ్ దగ్గర పోయేది 0.6 డీబీయే. కానీ అలాంటివి వరుసగా నాలుగుంటే రెండున్నర డీబీ పోతుంది, ఫేజ్ కూడా జరుగుతుంది. కిక్ డ్రమ్ మెత్తబడి బిగువు తప్పుతుంది. దీన్నే కొందరు 'వింటేజ్ వార్మ్‌త్' అని మెచ్చుకోవడం విన్నాను. అది బోర్డు స్వభావం కాదు, జబ్బు. బాగున్న 4000 ఇ మెత్తగా ఉండదు. మధ్య స్వరాలు ముందుకొచ్చి, బేస్ గట్టిగా నిలుస్తుంది.

కెపాసిటర్లు మార్చేటప్పుడు బోర్డంతా ఒకేసారి ముట్టుకోకండి. ముందు ఒక్క ఛానల్ చేసి, మార్చని దానితో క్యాన్సిల్ పరీక్ష పెట్టండి. 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం, వోల్టేజ్ పాతదానికి సమానం లేదా ఎక్కువ ఉన్నవే వేయాలి. అదే ఊపులో సిగ్నల్‌ని పెంచే 5534 ఐసీలు పీకి వేగం ఎక్కువున్న కొత్తవి పెట్టాలని అనిపిస్తుంది. ఆసిలోస్కోప్ లేకుండా ఆ పని వద్దు. చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఐసీ ఆసిలేట్ అవుతుంటే (తనంతట తానే ఊగుతూ సిగ్నల్ పుట్టిస్తుంటే) మనకి తెలిసేది గరుకైన ట్రెబుల్, వేడెక్కిన ఐసీ మాత్రమే.

హమ్ (కరెంటు గుంయ్‌మనే మోత) ఉంటే స్వరం పట్టి చూడండి. 100 హెర్ట్జ్ అయితే అనుమానం పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల మీద. 50 హెర్ట్జ్ అయితే గ్రౌండ్ లూపో (రెండు దారుల్లో ఎర్త్ కలవడం), ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోయే కేబులో. హిస్ (బుస్సుమనే శబ్దం) సంగతి వేరు: ఒకే స్థాయి హిస్ ఉన్న 32 ఛానళ్ళు కలిస్తే అది 15 డీబీ పెరుగుతుంది. వాడని ఛానళ్ళని మిక్స్ బస్ (ఛానళ్ళన్నీ కలిసే చోటు) నుంచి తీసేసి విన్నాకే బోర్డు హిస్ ఎక్కువని అనాలి.

పెద్ద ఫేడర్ గుండా పాట వెళ్ళదు. ఫేడర్ పంపేది డీసీ వోల్టేజ్. దాన్నిబట్టి లెవెల్ మార్చేది వీసీఏ, అంటే వోల్టేజ్‌తో నడిచే యాంప్లిఫయర్. మ్యూట్ నొక్కినప్పుడల్లా 'టప్'మంటే వీసీఏ ఆఫ్‌సెట్ ట్రిమ్ (సర్దుకునే చిన్న స్క్రూ) తన చోటు తప్పినట్టే. 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చినప్పుడు 2 కిలోహెర్ట్జ్ పైకి లేస్తుంటే సిమెట్రీ ట్రిమ్ తిప్పి తగ్గించాలి. మొత్తం ఛానళ్ళకి ఒక పూట పని. స్టీరియో బొమ్మ ఎంత తేరుకుంటుందో విని తెలుసుకోవాల్సిందే. టోన్‌ని +4 డీబీయూకి, అంటే 1.228 వోల్టులకి, సెట్ చేసేటప్పుడు జాగ్రత్త: చవక మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి. 200 హెర్ట్జ్ దగ్గర కొలవండి.

ఈక్యూలో గోధుమరంగు నాబ్, నల్ల నాబ్ రకాలు రెండూ వాడాను. గొంతుకి గోధుమరంగుదే నాకు నచ్చింది. పైన 3 డీబీ ఎత్తినా 'స' అక్షరం పొడవదు. లో-మిడ్‌లో బురద తీయడానికి నల్లదే నయం. ఛానల్ కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని నొక్కిపట్టేది) డ్రమ్‌సెట్ మీద బ్రహ్మాండం, మృదంగం మీద మాత్రం ఫాస్ట్ అటాక్ నొక్కకండి. దెబ్బ పడగానే పట్టేస్తుంది కాబట్టి చాపు (కుడివైపు దెబ్బ) అంచు చచ్చిపోయి తొప్పి (ఎడమవైపు) మోత ఒక్కటే మిగులుతుంది.

మొత్తం మిక్స్ మీద పనిచేసే బస్ కంప్రెసర్‌కి నా సెట్టింగ్ 4:1, అటాక్ 30 మిల్లీసెకన్లు, రిలీజ్ ఆటో, ఎంత నొక్కుతోందో చూపే సూది 2 నుంచి 4 డీబీ మధ్య. ఇన్నేళ్ళలో ఇంతకంటే నొక్కి బాగుపడిన మిక్స్ నాకు దొరకలేదు.

వేడి ఈ బోర్డుకి పెద్ద శత్రువు. లోపల 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపు. మన ఎండల్లో ఏసీ ఖర్చు కొనుగోలు ధరతో కలిపి లెక్కేసుకోవాలి. సముద్రతీర ఊళ్ళలో ప్యాచ్‌బే (కేబుళ్ళు గుచ్చే జాక్‌ల పలక) కాంటాక్టులు నల్లబడతాయి. ఒక వైపు సౌండ్ పలచబడితే ఛానల్ విప్పకముందు ఆ జాక్‌లో ప్లగ్ పదిసార్లు పెట్టి తీయండి. ఫేడర్లలో మాత్రం కాంటాక్ట్ క్లీనర్ కొట్టవద్దు. ట్రాక్ మీది లూబ్రికెంట్ కడుక్కుపోయి, వారంలో బిరుసెక్కుతాయి.